ఫోను రిపేరుకు ఇచ్చే ముందు ఆ పన్నెండు మాటలు రాసుకోండి

సంపాదకులకు నమస్కారం.

తిరుపతిలో గాంధీ రోడ్డు దగ్గర పద్దెనిమిదేళ్లుగా సెల్‌ఫోన్ రిపేరు షాపు నడుపుతున్నాను. బిట్‌కాయిన్ ధర పెరిగితే మీ బిజినెస్ పేజీలో వార్త వస్తుంది, ఎవరైనా మోసపోతే జిల్లా పేజీలో వస్తుంది, కానీ కొన్నదాన్ని ఎట్లా కాపాడుకోవాలో మాత్రం నేను ఇంతవరకూ ఎక్కడా చదవలేదు. బిట్‌కాయిన్ లాంటి క్రిప్టో కొనమని నేనెవరికీ చెప్పను, నేను కొనలేదు కూడా. కొన్నవాళ్లు నా కౌంటరు ముందు నిలబడి ఏడుస్తుంటే చూడలేక రాస్తున్నాను.

పోయిన నెల పుత్తూరు వైపు నుంచి ఒక డిగ్రీ అబ్బాయి వచ్చాడు. ఫోను నీళ్లలో పడింది, బోర్డు పూర్తిగా డెడ్. "డిస్‌ప్లే పోయినా పర్వాలేదన్నా, లోపలున్న వాలెట్ ఒక్కటి తీసియ్యన్నా" అన్నాడు. వాలెట్ అంటే క్రిప్టో నడిపే యాప్, పోతే మళ్లీ తెరవడానికి అది మొదట్లోనే పన్నెండు మాటలు ఇస్తుంది. ఆ పన్నెండు మాటలు రాసి పెట్టుకున్నావా నాయనా అంటే, స్క్రీన్‌షాట్ తీసి పెట్టానన్నా, అదీ ఈ ఫోన్లోనే ఉంది అన్నాడు. ఇప్పటి ఫోన్లలో డేటా మొత్తం లాక్ అయి ఉంటుంది, ఆ లాక్ తెరిచే తాళం ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది, మెమరీ ఐసీ పీకి ఇంకో బోర్డు మీద పెట్టినా ఏమీ రాదు, అదే బోర్డును మళ్లీ బతికించాలి. మూడు రోజులు దాని మీదే కూర్చున్నాను. లేవలేదు. వాళ్ల నాయన తోతాపురి కాయ అమ్మి కాలేజీ ఫీజుకని ఇచ్చిన డబ్బులో కొంత అందులో పెట్టాడంట.

వాలెట్ అంటే డబ్బు ఫోన్లో ఉంటుందని చాలామంది అనుకుంటున్నారు. డబ్బు ఫోన్లో లేదు, బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి లెక్కల పుస్తకంలో ఉంది (చైన్ అన్నా, నెట్‌వర్క్ అన్నా అదే), ఫోన్లో ఉన్నది తాళంచెవి మాత్రమే. వాలెట్ తెరిచిన మొదటి రోజు చూపించే 12 లేదా 24 ఇంగ్లీషు మాటల్లోంచే ఆ తాళంచెవి పుడుతుంది. 2048 మాటల జాబితాలోంచి తీసిన మాటలవి, వరసతో సహా ముఖ్యం. అవి కాగితం మీద ఉంటే ఫోను నీళ్లలో పడినా, దొంగలు ఎత్తుకుపోయినా ఇంకో ఫోన్లో అరగంటలో వాలెట్ తిరిగొస్తుంది. అదే కాగితం ఇంకొకరి చేతిలో పడితే వాళ్ల ఫోన్లోనూ అంతే సులభంగా తెరుచుకుంటుంది. అందులోనూ ఈ మల్టీ చైన్ వాలెట్లలో బిట్‌కాయిన్, ఎథీరియం, సొలానా, ట్రాన్ అన్నిటికీ కలిపి అవే పన్నెండు మాటలు. ఇంటి గదులన్నిటికీ ఒకటే తాళంచెవి అన్నమాట, పోతే ఒక గది కాదు పోయేది.

2024 జూలైలో వజీర్‌ఎక్స్ అనే ఎక్స్ఛేంజీ (క్రిప్టో కొని అమ్ముకునే కంపెనీ) నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల క్రిప్టో దొంగలు ఎత్తుకెళ్లినప్పటి నుంచి, ఎక్స్ఛేంజీలో ఎందుకు మన దగ్గరే పెట్టుకుందాం అని మా షాపుకొచ్చే కుర్రాళ్లు సొంత వాలెట్లలోకి మారారు. ఆ ఆలోచన తప్పని నేననను. కానీ సొంత వాలెట్‌కు పాస్‌వర్డ్ మర్చిపోయానంటే మార్చిచ్చే మేనేజరు ఎవరూ ఉండరు, ఆ సంగతి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

మా అక్క కొడుకు రేణిగుంటలో ఉంటాడు. ఎక్స్ఛేంజీ నుంచి తన వాలెట్‌కు యూఎస్‌డీటీ (డాలరు విలువకు కట్టిన క్రిప్టో నాణెం, చాలా చైన్లలో నడుస్తుంది) పంపుకుంటూ, ఎథీరియం నెట్‌వర్క్ ఎంచుకోవాల్సిన చోట బీఎన్‌బీ చైన్ నొక్కాడు. వాలెట్ తెరిస్తే సున్నా. వాడికి టెన్షన్ మొదలైంది. నిజానికి డబ్బు ఎక్కడికీ పోలేదు. ఎథీరియం, బీఎన్‌బీ చైన్, పాలిగాన్ మూడింట్లోనూ ఒకే వాలెట్‌కు ఒకే అడ్రస్ (బ్యాంకు అకౌంట్ నంబరు లాంటిది) ఉంటుంది, ఆ సున్నా ఎక్స్ (0x)తో మొదలయ్యేది. వాలెట్లో నెట్‌వర్క్ మార్చి, అక్కడి యూఎస్‌డీటీ కనిపించేలా పెట్టుకుని ఉంటే డబ్బు కళ్ల ముందే ఉండేది. ఆ సంగతి తెలియక టెలిగ్రామ్ గ్రూపులో సాయం అడిగాడు. రెండు నిమిషాల్లో "సపోర్ట్" అని పేరు పెట్టుకున్నవాడు మెసేజ్ చేసి ఒక లింకు పంపాడు, వాలెట్ సరిచేయాలంటే పన్నెండు మాటలు అందులో కొట్టమన్నాడు. కొట్టాడు. ఆ యూఎస్‌డీటీతో పాటు పాలిగాన్‌లో, ట్రాన్‌లో ఉన్నదంతా ఆ రాత్రికే ఖాళీ. తప్పు నెట్‌వర్క్ వల్ల పైసా పోలేదు, సాయం చేస్తానన్నవాణ్ణి నమ్మినందుకు అంతా పోయింది. ఏ కంపెనీ సపోర్ట్ వాళ్లయినా సరే, నిజమైనవాళ్లు ఆ మాటలు అడగరు. అడిగారంటే దొంగే.

అయితే మన వాలెట్ నుంచి ఎక్స్ఛేంజీ అడ్రస్‌కు పంపేటప్పుడు మాత్రం నెట్‌వర్క్ తప్పితే కష్టమే. ఆ అడ్రస్ తాళం వాళ్ల దగ్గరుంటుంది, వాళ్లు తీసుకోని చైన్‌లో పంపితే తీసిస్తారో లేదో వాళ్ల దయ. అందుకని ఎంత పంపాలన్నా ముందు కొంచెం పంపి, చేరిందని చూసుకుని మిగతాది పంపడం మంచిది. ఒక ఫీజు ఎక్కువవుతుంది, కానివ్వండి.

ఫీజు అంటే గుర్తొచ్చింది. ట్రాన్‌లో ఉన్న యూఎస్‌డీటీ కదిలించాలంటే ఫీజుకు టీఆర్ఎక్స్ అనే ట్రాన్ సొంత నాణెం కావాలి, ఎథీరియంలో అయితే ఈథర్, బీఎన్‌బీ చైన్‌లో బీఎన్‌బీ. గ్యాస్ అనే ఈ ఫీజుకు అవి కొంచెమైనా లేకపోతే, మామూలుగా అయితే, ఉన్న డబ్బు కూడా కదలదు. దొంగలు దీన్నీ వదల్లేదు. యూట్యూబ్ కామెంట్లలో ఎవరో అమాయకంగా తన పన్నెండు మాటలు బయట పెట్టేసినట్టు రాస్తారు, తెరిచి చూస్తే నిజంగానే యూఎస్‌డీటీ ఉంటుంది, టీఆర్ఎక్స్ మాత్రం ఉండదు. ఫీజుకని మనం టీఆర్ఎక్స్ పంపితే అది వాళ్లకు పోతుంది, ఆ యూఎస్‌డీటీ కదిలించే అనుమతి ఆ మాటలకు అసలు ఉండదు.

పాత లావాదేవీల లిస్టులోంచి అడ్రస్ కాపీ చేసుకోవడం ఇంకో చెడ్డ అలవాటు. మనం తరచూ పంపే అడ్రస్‌కు ముందు నాలుగు, చివర నాలుగు అక్షరాలు కలిసేలా దొంగలు ఇంకో అడ్రస్ తయారుచేసి, దాంట్లోంచి సున్నా విలువతో ఒక లావాదేవీ మన లిస్టులోకి తోస్తారు. తొందరలో అదే కాపీ చేశామా, అంతే. మధ్యలో అక్షరాలు కూడా చూడాలి.

శ్రీవారి దర్శనం టికెట్ల పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి భక్తుల్ని ముంచిన వార్తలు మీ పేపర్లోనే ఎన్నిసార్లు చదివామో. మన ఊరివాళ్లకు ఆ విషయంలో వెబ్‌సైట్ పేరు అక్షరం అక్షరం చూసుకోవడం అలవాటైంది. వాలెట్ యాప్ దించుకునేటప్పుడూ అదే పని చేయండి, గూగుల్‌లో పైన కనిపించే ప్రకటన నొక్కకండి. ఫ్రీ టోకెన్ (క్రిప్టో నాణెం) ఇస్తామనే సైట్లో "అప్రూవ్" నొక్కితే చాలాసార్లు మనం ఇచ్చేది ఆ ఒక్కసారికి అనుమతి కాదు, ఆ రకం టోకెన్ మన దగ్గర ఎంతుంటే అంతా ఎప్పుడైనా లాక్కోవచ్చనే అనుమతి. తర్వాత సైటును డిస్కనెక్ట్ చేసినా అది పోదు. ఆ అనుమతిని విడిగా రివోక్ (రద్దు) చేయాలి, అదీ ఏ చైన్‌లో ఇచ్చామో ఆ చైన్‌లోనే, ఎథీరియంలో చేస్తే పాలిగాన్‌కు వర్తించదు. కొత్త సైట్లు చూడాలని ఉంటే వేరే పన్నెండు మాటలతో చిన్న వాలెట్ ఇంకొకటి తెరుచుకోండి. అదే వాలెట్లో రెండో అకౌంట్ తెరిస్తే లాభం లేదు, మాటలు బయటపడితే రెండూ పోతాయి.

ఇక స్క్రీన్‌షాట్ల సంగతి. 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ అనే యాంటీవైరస్ కంపెనీ వాళ్లు స్పార్క్‌క్యాట్ అనే వైరస్‌ను బయటపెట్టారు, అది గ్యాలరీలో ఫోటోలు చదివి ఇట్లాంటి మాటలు వెతికి పంపిస్తుంది, గూగుల్ ప్లేలోనూ ఆపిల్ యాప్ స్టోర్‌లోనూ ఉన్న యాప్‌లలోనే దొరికింది. మా వృత్తిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఇంకో మాట కూడా చెప్పాలి. రిపేరుకు వచ్చే ఫోన్ల ప్యాట్రన్ మాకు చెప్పే పోతారు, గ్యాలరీ మా ముందు తెరిచే ఉంటుంది. నేను చూడను. అందరి సంగతీ నేనెట్లా చెప్పగలను? మాటలు కాగితం మీద రాసి ఇంటి పత్రాలతో పాటు బీరువాలో పెట్టండి, రెండో కాపీ ఇంకో ఇంట్లో నమ్మకమైనవాళ్ల దగ్గర పెట్టండి, వాట్సాప్‌లో వద్దు, మెయిల్‌లో వద్దు. పెద్ద మొత్తమైతే హార్డ్‌వేర్ వాలెట్ (తాళంచెవిని ఫోన్‌కు బయట దాచే చిన్న పరికరం) దాని కంపెనీ దగ్గరే కొనండి, పెట్టెలో ముందే రాసిన మాటలతో వస్తే వాడకండి. మాటలు ఎవరికైనా తెలిశాయని అనుమానం వస్తే పాస్‌వర్డ్ మార్చినా, యాప్ తీసేసినా ఉపయోగం లేదు, కొత్త మాటలతో కొత్త వాలెట్ తెరిచి ప్రతి చైన్‌లో ఉన్నదీ అందులోకి మార్చాలి. డబ్బు పోతే సిగ్గుపడి ఇంట్లో దాచకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. మా అక్క కొడుకు నాలుగు రోజులు దాచాడు.

2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద ప్రభుత్వం 30 శాతం పన్ను తీసుకుంటోంది, ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకోనివ్వదు, ఆ ఏడాది జూలై నుంచి 1 శాతం టీడీఎస్ కూడా ఉంది. పన్ను కట్టించుకునే వ్యవహారానికి జాగ్రత్తలు చెబితే కొనమని ప్రోత్సహించినట్టు అవుతుందని మీరు సందేహించనక్కర్లేదు. ఈసారి బిట్‌కాయిన్ ధర వార్త వేసినప్పుడు దాని పక్కనే చిన్న బాక్సులో ఆ పన్నెండు మాటలు ఎక్కడ రాసుకోవాలో, ఎవరికి చెప్పకూడదో వేయండి. అది కత్తిరించి మా కౌంటరు అద్దం మీద అంటిస్తాను.

ఇట్లు,
ఒక సెల్‌ఫోన్ మెకానిక్,
తిరుపతి