దిగకుండా చెట్టు మారడం

సింగపూర్,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

ఇందాక ఫోన్లో నీ ప్రశ్న సగంలోనే తెగిపోయింది. మీ హాస్టల్లో ఇచ్చేదే పది నిమిషాలు. అందులో ఏడు నిమిషాలు తలనూనె, నిద్ర, పెరుగు అంటూ మీ అమ్మకే సరిపోయాయి. మిగిలిన మూడింట్లో నువ్వు అడిగింది ఇదే కదా: "ఉడుత దూకుతుంది, కోతి దూకుతుంది. మరి కొన్ని జంతువులకే ఆ ఎగిరే చర్మం ఎందుకొచ్చింది నాన్నా? శక్తి ఆదా కోసం అని నోట్స్‌లో రాసుకున్నాం. అంతేనా?"

అంతే అయితే ఈ ఉత్తరం అక్కర్లేదు. నేను పదో తరగతితో ఆపేసినవాణ్ణే. కానీ పన్నెండేళ్లుగా పరంజాల మీద బతుకుతున్నాను. ఎత్తు సంగతీ, పడటం సంగతీ నాకు కొత్త కాదు. మిగతాదంతా ఆదివారాలు నాతో నడకకి వచ్చే ఒక రిటైర్డ్ బయాలజీ మాస్టారి పుణ్యం.

మూడు వారాల కిందట బుకిట్ తిమా గుట్ట దగ్గర, గేటు మూసే వేళకి, దాన్ని చూశాను. ఇక్కడి మలయ్ వాళ్లు కుబుంగ్ అంటారు, మాస్టారు కొలుగో అంటారు. ముందు అది జంతువని తెలియలేదు. చెట్టు మొదలికి నాచు పట్టినట్టు బూడిద రంగు మచ్చ. కాసేపటికి ఆ మచ్చలోంచి రెండు పెద్ద కళ్లు తెరుచుకున్నాయి. పొట్ట దగ్గర చర్మం మడతలోంచి ఇంకో చిన్న తల బయటికొచ్చింది. పిల్ల! తల్లి ఆ చర్మాన్నే ఉయ్యాలలా మడిచి పిల్లని మోస్తుందట. పెద్దది మన ఇంటి పిల్లికి కొంచెం తక్కువ, కిలో పైచిలుకు బరువు.

చీకటి పడుతుంటే ఎక్కడం మొదలుపెట్టింది. చూస్తే నీకు మీ తాత గుర్తొచ్చేవాడు. రెండు చేతులూ పైకి వేస్తుంది, తర్వాత రెండు కాళ్లూ ఒక్కసారి లాక్కుంటుంది. కాళ్లకు బందం వేసుకుని కొబ్బరిచెట్టు ఎక్కినట్టే. అలా ఎగబాకి, తల తిప్పి అటు చూసి, ఒక్క తోపు తోసింది. అంతే, తీగ మీంచి దుప్పటి ఎగిరిపోయినట్టు నలుచదరంగా విచ్చుకుంది. మెడ నుంచి చేతివేళ్ల కొసలదాకా, కాలివేళ్లదాకా, తోక కొసదాకా ఒకటే పొర. వేళ్ల మధ్య కూడా చర్మమే. చప్పుడు లేదు. బాట దాటి అవతలి చెట్టు దగ్గర కొంచెం పైకి లేచినట్టై, కాండానికి అతుక్కుపోయింది. బయల్దేరిన ఎత్తు కంటే కిందే దిగింది, ఎందుకంటే అది నిజంగా ఎగరదు, గాల్లో జారుతుంది. ఒక్క జారులో 100 మీటర్లు దాటినవి కూడా ఉన్నాయట.

ఇప్పుడు నీ శక్తి ఆదా సంగతి. ఇక్కడే, సింగపూర్ కుబుంగ్‌ల వీపులకి చిన్న సెన్సర్లు అంటించి కొందరు పరిశోధకులు లెక్క తీశారు. ఫోన్ అడ్డంగా తిప్పితే తెర కూడా తిరుగుతుంది చూడు, ఆ రకం సెన్సరే. 2011లో ఫలితం అచ్చువేశారు. తేలింది ఏంటంటే, జారడం వల్ల టైమ్ మిగులుతుంది, శక్తి మిగలదు. అంత దూరం కొమ్మల మీద పాక్కుంటూ పోతే అయ్యే ఖర్చు కంటే ఇదే ఎక్కువట. జారేటప్పుడు కాదు, జారాక మళ్లీ పైకి ఎక్కాలి కదా, అక్కడ ఖర్చు.

నాకు వెంటనే మీ తాత దింపు తీసిన రోజులు కళ్లముందు తిరిగాయి. చెట్టు ఎక్కడం, గెలలు కోయడం, దిగడం, పక్క చెట్టుకి నడవడం, మళ్లీ మొదట్నుంచి ఎక్కడం. "ఎక్కితే ఒళ్లు పోతుందిరా, దిగితే పొద్దు పోతుంది" అనేవాడు. దిగకుండా పక్క చెట్టుకి పోయే దారే ఉంటే, ఒళ్లు ఇంకాస్త పోయినా ఆయన ఒప్పుకునేవాడు. కుబుంగ్ చేసుకున్న బేరం కూడా అదే. పైగా మీ తాత నేల మీద చక్కగా నడిచేవాడు. దీనికి నేల మీద నడకే సరిగ్గా రాదు. చెట్టు దిగిందంటే ఏ పాముకో దొరికిపోతుంది. తినేది ఆకులు, పొద్దు పొడిచేలోపు నాలుగైదు చెట్లు చుట్టి రావాలి. ఇలాంటి బతుకులో టైమ్ మిగలడమే పెద్ద లాభం. నోట్స్‌లో శక్తి అన్న చోట కొట్టేసి టైమ్ అని రాసుకో. పరీక్షలో మాత్రం మీ మేడమ్‌ని అడిగి రాయి, మార్కులు పోతే నా మీద పడకు.

ఇంకో ముచ్చట, ఇది నా పనికి దగ్గరది. మేం ఒంటికి కట్టుకునే సేఫ్టీ పట్టీల తాడులో మడతలు పెట్టి కుట్టిన ఒక ముక్క ఉంటుంది. మనిషి పడితే ఆ కుట్లు ఒక్కొక్కటే తెగుతాయి. దానివల్ల ఆగడం ఒక్క కుదుపుతో కాకుండా మెల్లగా జరుగుతుంది, వెన్నెముక మిగులుతుంది. 2008లో అవే జంతువుల మీద చేసిన పరీక్షలో, ఎక్కువ దూరం జారినప్పుడు చెట్టుకి తగిలే దెబ్బ తక్కువగా, దగ్గరి దూకుల్లో ఎక్కువగా ఉందని తేలింది. ఎక్కువ దూరమైతే గాల్లోనే పొరని గొడుగులా నిలబెట్టి వేగం చంపుకునే వ్యవధి ఉంటుంది. ఆ పొర జారడానికి ఎంతో, ఆగడానికీ అంతే. మొన్న కొత్తగా వచ్చిన కుర్రాళ్లకి సేఫ్టీ క్లాసులో ఈ కుబుంగ్ కథే చెప్పాను, నవ్వారు గానీ విన్నారు.

సరే, అసలు ఎలా మొదలైంది? సగం రెక్క ఉంటే ఏం లాభం అని నువ్వు అడుగుతావని తెలుసు. దీనికి చీమలు జవాబు చెప్పాయి. పెరూ అడవిలో ఒక శాస్త్రవేత్త చెట్టు పైన కూర్చుని, కుడుతున్న చీమల్ని చేత్తో తుడిచేశాడట. పడే చీమలు తిన్నగా కిందికి పోకుండా వంపు తిరిగి అదే చెట్టు కాండాన్ని పట్టుకుంటున్నాయి. రెక్కా లేదు, పొరా లేదు, కాళ్లూ ఒళ్లూ తిప్పుకోవడమే. 2005లో ఆ సంగతి బయటికొచ్చింది. అంటే పడటాన్ని అదుపు చేసుకోవడం ముందు, జారడం తర్వాత. చెట్ల మీద బతికేవాటికి పట్టు తప్పడం మామూలే. చంక కింద చర్మం కాస్త వదులుగా ఉన్నది కాస్త మెల్లగా పడుతుంది, కాళ్లు విరగవు, దాని పిల్లలు మిగులుతాయి. ఇలా తరతరాలకీ ఆ చర్మం పెరుగుతూ పోయి ఉంటుందని అంటారు. సగం పొరకి సగం లాభం ఉంది, అదే చాలు.

ఇది ఒక్కసారి జరిగింది కూడా కాదు. ఎగిరే ఉడుతలది వేరు, కుబుంగ్‌లది వేరు, ఆస్ట్రేలియాలో సంచి జంతువులది వేరు. ఇక్కడి డ్రాకో తొండ పక్కటెముకలనే సాగదీసి రెక్క చేసుకుంది. కప్పలు వేళ్ల మధ్య పొర పెంచుకున్నాయి. ఒక జాతి పాము పొట్ట లోపలికి పీల్చుకుని ఒళ్లంతా చదును చేసుకుని జారుతుంది. మన శేషాచలం కొండల్లో కూడా అలాంటిదొకటి దొరికింది, అంతకుముందు ఆ జాతి శ్రీలంకలోనే ఉందనుకునేవారు. తిరుపతి వెళ్లినప్పుడు పైకి చూసి నడువు.

నన్ను అన్నిటికంటే తికమక పెట్టింది వేరే. ఇలా జారేవి ఆగ్నేయాసియాలోనే ఇన్ని ఎందుకు? అమెజాన్ అంత పెద్ద అడవి కదా, అక్కడ జారే క్షీరదం ఒక్కటీ లేదు. దానికి బదులు తోకతో కొమ్మ పట్టుకునే జంతువులున్నాయి. 1983లో ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి తీగల లెక్క చెప్పారు. అక్కడ చెట్టుకీ చెట్టుకీ తీగలు అల్లుకుని ఉంటాయి, పట్టుకుని పోవచ్చు. ఇక్కడ తీగలు తక్కువ, సందులు ఎక్కువ, కాబట్టి దాటాలంటే గాల్లోనే. ఇంకొందరిది తిండి లెక్క. ఈ అడవుల్లో ఎక్కువగా ఉండేవి డిప్టెరోకార్ప్ చెట్లు, అంటే మన గుగ్గిలం చెట్టు కుటుంబం. మన పడవల సందులకి పూసే గుగ్గిలం ఉంది చూడు, ఆ జాతే. బోర్నియోలో వీటిలో ఒకటి 100 మీటర్లు దాటింది. ఇవి ఎప్పుడో కొన్నేళ్లకోసారి అన్నీ కలిసి ఒక్కసారే కాస్తాయి, మిగతా రోజులు ఏమీ ఉండదు. ఆకులు కూడా చాలా జంతువులకి పడవు. తినదగిన చెట్లు దూరదూరంగా ఉంటాయి. ఊరంతా ఇళ్లే, కిరాణా కొట్లు మాత్రం మూడే ఉన్నట్టు. నన్నడిగితే ఒక్క తీగల లెక్కతో ఇది తేలదు. దారి లేకపోవడం, తిండి దూరం కావడం, రెండూ కలిస్తేనే ఇన్ని జాతులు గాల్లోకి దూకి ఉంటాయి.

ఇవాళ పొద్దున ఆ గుట్ట మీద సెరాయా చెట్టు కింద ఒక కాయ కనిపించింది. అదీ డిప్టెరోకార్పే. మూడు పొడుగు రెక్కలు, రెండు పొట్టివి, మధ్యలో గింజ. తల ఎత్తు నుంచి వదిలాను, గిర్రున తిరుగుతూ మెల్లగా దిగింది. జంతువుల సంగతి సరే, ఆ చెట్టు కూడా పడటాన్ని ఆలస్యం చేసుకుంటోంది. నీకు పంపుదామనుకున్నా గానీ ఇక్కడ రిజర్వులోంచి ఆకు తెచ్చినా జరిమానా, అక్కడే పెట్టేశాను. వెనక పేజీలో బొమ్మ గీశాను. రెక్కలు కొంచెం వంకరగా వచ్చాయి, నవ్వకు.

చీకటి పడేదాకా అడవి అంచున నిలబడ్డానని మీ అమ్మకి చెప్పకు. వచ్చే ఆదివారం ముందు నీతోనే మాట్లాడతాను, నూనె సంగతి తర్వాత.

మీ నాన్న