పాత కస్టమరుకే ఎక్కువ రేటా?

ఎడిటర్ గారికి,

అమలాపురంలో మాది చిన్న రికార్డింగ్ స్టూడియో. పెళ్లి పాటలు, జాతర పాటలు, ఎన్నికలొస్తే ప్రచార పాటలు, అదే మా గిరాకీ. పాటలు రికార్డు చేసే సాఫ్ట్‌వేర్ డబ్బులు పెట్టే కొన్నాం (అలా కొన్నవాణ్ని చూసి నవ్వేవాళ్లే ఎక్కువనుకోండి). ఇప్పుడు కొత్త వెర్షన్ వచ్చింది, తీరా చూస్తే మా అప్‌గ్రేడ్ ధర సేల్‌లో కొత్తగా కొనేవాడికి పడే రేటు కంటే ఎక్కువ! లెక్కంతా డాలర్లలో, పైన 18 శాతం జీఎస్టీ. పోనీ నెలవారీ చందా కడదామంటే, ఆషాఢంలో పెళ్లిళ్లు ఆగుతాయి గానీ చందా ఆగదు కదా.

రీపర్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లు ఏడాది రాబడి 20 వేల డాలర్లు దాటని వ్యాపారాలకు 60 డాలర్లకే ఇస్తున్నారు, దాటితే 225. ఆ లైసెన్సు తర్వాతి పెద్ద వెర్షన్‌కీ చెల్లుతుంది. ఎఫ్‌ఎల్ స్టూడియో అనే ఇంకో సాఫ్ట్‌వేర్ ఒకసారి కొంటే అప్‌డేట్లు జీవితాంతం ఉచితం. వాళ్లేం మూతపడలేదే! 2023లో, పాటల సౌండు సరిచేసే సాఫ్ట్‌వేర్లు అమ్మే వేవ్స్ కంపెనీ ఇకపై చందా మాత్రమే అంటే వాడేవాళ్లు గట్టిగా గొడవ చేశారు, కొద్దిరోజుల్లోనే వెనక్కి తగ్గింది. కాబట్టి కోనసీమ, భీమవరం వైపు స్టూడియోల వాళ్లు కూడా ఊరుకోకుండా కంపెనీలకు మెయిళ్లు పెట్టండి: ధర రూపాయల్లో చెప్పమని, పాతవాళ్లకు అప్‌గ్రేడ్ సగం ధరకైనా ఇమ్మని.

– ఒక స్టూడియో నిర్వాహకుడు, అమలాపురం