రీలు సన్నం చెయ్, మోటారు మార్చకు

విజయనగరం,
ఆదివారం రాత్రి

ఒరే బావా,

మూడు వారాలుగా జవాబు లేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, తప్పు నాదే. అమ్మ మోకాళ్లు పరవాలేదు, తమ్ముడికి బొబ్బిలి బదిలీ అయింది, వానలు సరే. మిగతావి తర్వాత. ముందు నీ కోడి రామ్మూర్తి సంగతి, అదే, ఆ మల్లయోధుడి పేరు పెట్టుకుని మీ పిల్లలు పోటీకి కట్టిన, మోటారుతో రీలుకి తాడు చుట్టి బరువు లేపే యంత్రం!

పది కేజీలు మీటరెత్తు లేపాల్సింది ఆరుకే ఆయాసపడుతోందని, పదికి గుర్రుమని ఆగిపోతోందని, పిల్లలు పెద్ద మోటారు కొందామంటున్నారని రాశావు. కొననివ్వకు. ఏటి జరుగుతోందో లెక్కలో దొరికిపోయింది, చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మీ రీలు రెండంగుళాల పైపు ముక్క. అడ్డుకొలత 60 మిల్లీమీటర్లు, తాడు మందంలో సగం కలిపితే ఇరుసు మధ్య నుంచి 3.1 సెంటీమీటర్లు. పది కేజీలు వేలాడదీస్తే టార్క్, అంటే ఇరుసుని తిప్పే బలం, 31 కేజీ-సెంటీమీటర్లు కావాలి. మోటారుకి 40 అని రాసుంది కదా, చాలదా అనుకున్నారు. ఆ 40 మోటారు ఆగిపోయే చోటి లెక్క, అదీ 12 వోల్టులు నిండుగా అందితేనే. ఆగినప్పుడు 6 ఆంపియర్లు లాగుతుందంటే లోపలి చుట్టల నిరోధం 2 ఓములు. మీ ఎనిమిది పెన్సిల్ సెల్లులకీ సొంత నిరోధం ఉంటుంది. మంచి ఆల్కలైన్‌వే అయినా ఒక్కోదానికి 0.15 వేసుకో, మొత్తం 1.2. రెండూ కలిపి 3.2. ఇంక 6 ఆంపియర్లు ఎక్కడివి? 3.75 దాటదు. టార్క్ కూడా అదే పాళ్లలో 25కి పడిపోతుంది. 31 అడిగితే 25 ఉంది. గుర్రుమనక ఏం చేస్తుంది పాపం!

సెల్లులో సరుకు లేక కాదురా. పది కేజీలు మీటరు లేపడానికి 98 జౌళ్ల శక్తి చాలు, ఒక్క ఆల్కలైన్ సెల్లులో వేల జౌళ్లు ఉంటాయి. నిండు బిందే, మూతి సన్నం, అంతే. (మన అటుకుల డబ్బా గుర్తొచ్చిందా?)

ఇప్పుడు రీలు 20 మిల్లీమీటర్లు చెయ్. తాడుతో 1.1 సెంటీమీటర్లు, టార్క్ 11 చాలు. ఉన్న 25లో సగం లోపే. మోటారు తన ఆగే టార్క్‌లో సగం దగ్గరే ఎక్కువ పని ఇస్తుంది కాబట్టి ఇంకా సన్నం చేసినా లాభం లేదు. సన్న రీలైతే నెమ్మదిస్తుంది కదా అంటావు. అక్కడే ఉంది తమాషా! బరువు లేనప్పుడు నిమిషానికి 60 చుట్లు తిరిగే మోటారు ఈ బరువుకి నిమిషానికి 33 దగ్గర తిరుగుతుంది, మీటరుకి 26 సెకన్లు. రాపిడికి ఇంకో అయిదారు వేసుకో. లావు రీలుతో ఎప్పటికీ రాదు.

రీలు నైలాన్ రాడ్డుతో లేతు మీద తీయించు. పొడవు 45 మిల్లీమీటర్లు, రెండు చివరలా 40 మిల్లీమీటర్ల అంచులు. మీటరుకి పదిహేను చుట్లు, బరువు కింద ఉన్నప్పుడు కూడా విప్పకుండా మూడు, 2 మిల్లీమీటర్ల తాడుకి 36 సరిపోతుంది. చుట్టు మీద చుట్టు ఎక్కిందంటే టార్క్ 11 నుంచి 13కి పోతుంది, అందుకని పై గిలకని రీలుకి కనీసం అర మీటరు దూరంలో పెట్టు. తాడు అల్లినది కావాలి, మెలిపెట్టినదైతే బరువు బొంగరంలా తిరుగుతుంది. మీ రేవు దగ్గర వలతాడు బాగుంటుంది.

రీలు రెండో చివర ఊరికే వదిలేయకు. 6 మిల్లీమీటర్ల ఇరుసుకి 626 నంబరు బేరింగు పెట్టు, లేకపోతే బరువంతా గేరు పెట్టె మీద పడి పళ్లు అరుగుతాయి. రీలుని పట్టి ఉంచే మర, ఇరుసుకి చదునుగా ఉన్న వైపు మీదే బిగియాలి. గుండ్రం మీద బిగిస్తే మోటారు తిరుగుతుంది, రీలు తిరగదు, పిల్లలు మళ్లీ మోటారునే తిడతారు.

తీగలు 1.5 చదరపు మిల్లీమీటర్లవి, పొట్టిగా. సన్న తీగ రెండు మీటర్లు వాడితే అర వోల్టు పైగా అక్కడే పోతుంది. నమ్మకపోతే బరువుండగా మల్టీమీటరు మోటారు కొసల మీద పెట్టి చూడు. సెల్లుల దగ్గర కాదు, మోటారు దగ్గర! ఛార్జి చేసుకునే నికెల్ సెల్లులకి ఒప్పుకుంటే అవే వాడు. వోల్టులు 9.6 మాత్రమే, కానీ లోపలి నిరోధం చాలా తక్కువ, టార్క్ 28 దాకా వస్తుంది. చవక ఎర్ర సెల్లుల జోలికి పోకు.

అన్నట్టు, ఎదురుబరువు కట్టొచ్చా, కూడదా? నిబంధనలు మళ్లీ చదివించు. ఏతం కొయ్యకి వెనకాల రాయి కట్టినట్టే, అవతల 4 కేజీలు వేలాడితే మోటారు మోసేది ఆరే. ఆ లెక్కన...

స్విచ్చి తీయగానే బరువు జారుతోందన్నావు, దానికి ఆఫ్‌లో మోటారు రెండు కొసలూ ఒకదానికొకటి కలిసేలా స్విచ్చి కడితే, పూర్తిగా ఆగదు గానీ

ఉండరా, పిన్ని కొడుకు వచ్చేశాడు, ఆమదాలవలస రైలుకి టైమైపోయిందట. రాడ్డు ముక్క కూడా వాడి చేతికే ఇస్తున్నా, పోగొట్టకుండా అడిగి తీసుకో.

నీ
తాటికాయ