చాయ్‌లో పదకొండు దినుసులా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం పేజీలో వచ్చిన మసాలా టీ వ్యాసం చూసి మా కోడలు అర లీటరు పాలు విరగ్గొట్టింది. చన్నీళ్లు, పచ్చిపాలు, దంచిన అల్లం, టీ పొడి, పంచదార, వాటితోపాటు ఇంకో పది మసాలా దినుసులు (అల్లంతో కలిపి పదకొండు), అన్నీ ఒకేసారి గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టమని రాశారు. ఆమె అలాగే పెట్టింది. పొంగు రావాల్సిన చోట పలుకులు తేలాయి. పాలు పోసే అబ్బాయిని నాలుగు మాటలు అనబోతుంటే నేనే ఆపాను. తప్పు పాలది కాదు, మీ వ్యాసానిది.

నేను కాజీపేట స్టేషన్ దగ్గర 28 ఏళ్లు టీ బండి నడిపినవాణ్ణి. 1993లో రూపాయికి కప్పుతో మొదలుపెట్టి, మోకాళ్లు మొండికేసి బండి అమ్మేసేనాటికి పది రూపాయలకు వచ్చాను. నా గిరాకీలో సగం రైల్వేవాళ్లే. రాత్రి డ్యూటీ ఎక్కే డ్రైవర్లకు చాయ్ బాగా లేకపోతే నిద్రొస్తుంది, నిద్రొస్తే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. అందుకని కొంచెం గట్టిగానే రాస్తున్నాను.

కోడలు చేసిన పని నేనూ ఒకసారి చేశాను. బండి పెట్టిన మొదటి వారంలోనే తొందరపడి, ఇంకా కాగని పాలల్లో అల్లం పడేశాను. మూడు లీటర్లు పోయాయి. ఆ రోజుకు అదే నా లాభం, అసలు, అన్నీ. నాకు పని నేర్పిన ఉస్తాద్ తిట్టలేదు. ‘అల్లం ముందు నీళ్లకే చూపించాలె, పాలకు కాదు’ అని మాత్రం అన్నాడు. ఎందుకో ఆయనకూ తెలియదు. చాలా ఏళ్ల తర్వాత బీఎస్సీ చదివిన మా అమ్మాయి చెప్పింది, పచ్చి అల్లంలో జింజిబైన్ అని ఒక ఎంజైమ్ ఉంటుందట, అది పాలల్లోని ప్రొటీన్‌ను ముక్కలు చేస్తుందట. మరిగే నీళ్లలో పడితే దాని పని అక్కడితో సరి.

కాబట్టి వరస ఇది. రెండు కప్పులకు ఒక కప్పు నీళ్లు, ఒక కప్పు కాచిన పాలు. నీళ్లు మరుగుతుండగా బొటనవేలి కణుపంత అల్లం దంచి వెయ్యాలి. తురమొద్దు, తురిమితే గుజ్జంతా వడపోతలో ఇరుక్కుని సారం తక్కువ దిగుతుంది. కొత్త అల్లమైతే తోలు పల్చగా ఉంటుంది, నీరు ఎక్కువ, ఘాటు తక్కువ. అప్పుడు ఇంకొంచెం వేసుకోవాలి. పీచు పట్టిన ముదురు అల్లానికి సగం చాలు. దాల్చిన చెక్క, లవంగం వేసేవాళ్లు వాటినీ ఇప్పుడే వెయ్యాలి. చెక్క గట్టిది, దానికి టైం ఇవ్వాలి. మూడు నాలుగు నిమిషాలు మరిగాక రెండు చెంచాల టీ పొడి, ఆ తర్వాత ఒక్క నిమిషం. మీవాళ్లు పది నిమిషాలు మరిగించమన్నారు. పది నిమిషాలు మరిగితే వచ్చేది చిక్కదనం కాదు, వగరు. అది కప్పిపుచ్చడానికి మళ్లీ చక్కెర. పాలు, చక్కెర పోశాక రెండు పొంగులు రానివ్వాలి, పొంగిన ప్రతిసారీ గిన్నె ఎత్తి దించాలి.

యాలకులు చివర్న. ఇదొక్కటి నేను ఎవరితోనైనా పోట్లాడతాను. యాలకుల వాసన ఆవిరిలో పోయే వాసన. మొదట్లో వేస్తే బజారంతా ఘుమఘుమలాడుతుంది, కప్పులో ఏమీ ఉండదు. (బండివాళ్లు కొందరు కావాలనే అలా చేస్తారు, వాసనకు జనం ఆగుతారని. నేనూ చేశాను, గిరాకీ లేని రోజుల్లో.) పొయ్యి ఆపేముందు రెండు కాయలు నలిపి వేసి, మూత పెట్టి నిమిషం వదిలెయ్యాలి. గింజలు వేరే దేనికైనా వాడినా తొక్కలు పారెయ్యొద్దు, టీ పొడి డబ్బాలో వేసిపెట్టండి.

ఇక పదకొండు దినుసుల సంగతి. జాజికాయ, అనాసపువ్వు, సోంపు, తులసి, ఇంకా ఏవేవో రాశారు. అది చాయా, బిర్యానీయా? నా బండి మీద ఎండాకాలం అల్లం, యాలకులు అంతే. చలికాలం తెల్లవారుజామున మాత్రం నాలుగు మిరియాలు, చిన్న సొంఠి ముక్క. ఇన్ని దినుసులు పడ్డా గొంతులో టీ తెలుస్తోందంటే అది మనం వాడే సీటీసీ పొడి బలం. ఆకును నలిపి, చింపి, చుట్టేసి ఈ పలుకుల పొడి చేసే యంత్రాన్ని 1930 ప్రాంతంలో అస్సాంలో మెక్‌కెర్చర్ అనే తెల్లవాడు చేశాడు. మసాలా టీ మన రుషుల నాటిదని మీ వ్యాసంలో ఉంది. కషాయం పాతదే, కాదనను. కానీ అస్సాం టీ మొదటిసారి లండన్‌లో వేలానికి వెళ్లిందే 1839లో. మా నాయనమ్మ గటక తాగి బతికింది, టీ ముట్టింది లేదు. టీ తోటల కంపెనీల సంఘంవాళ్లు ఉత్తరాదిన, బెంగాల్‌లో రైల్వే జంక్షన్లలో కెటిళ్లు ఇచ్చి మరీ మనవాళ్లతో టీ అమ్మించారు. ఆ అమ్మేవాళ్లు పాలు, చక్కెర పెంచి, మసాలా దంచి, పొడి తగ్గించారు. పొడి అమ్ముడుపోవాలనుకున్న సంఘానికి అది నచ్చలేదు. అంటే మసాలా టీ నాలాంటి బండివాళ్లు పొదుపు కోసం చేసిన పని. రుషులకెందుకు ఇస్తారు?

ఇంకోమాట. ఇరానీ చాయ్‌ని మసాలా టీల్లో కలిపారు. మా ఉస్తాద్ హైదరాబాద్‌లో ఇరానీ హోటల్లో పని చేసి వచ్చినవాడు. అందులో మసాలా ఉండదు. డికాక్షన్ వేరే గిన్నెలో మూత బిగించి దమ్ మీద, పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా. కప్పులోనే రెండూ కలవాలి.

నాకు అసలు కోపం వచ్చింది మాత్రం ‘యాలకులు ఖరీదైతే ఎసెన్స్ రెండు చుక్కలు వాడొచ్చు’ అన్న వాక్యానికి. 2018 వరదలు కేరళలో యాలకుల తోటల్ని దెబ్బతీశాయి, తర్వాతి ఏడాది వానలు సరిగ్గా పడలేదు. 2019లో ఇడుక్కి వేలంలో మేలురకం కిలో 7,000 దాకా పోయింది. ఆ రోజుల్లోనే ఒకాయన బండి దగ్గరికొచ్చి సీసా చేతిలో పెట్టాడు. గిన్నెకు రెండు చుక్కలు చాలన్నాడు. లెక్క చూసుకున్నాను, నెలకు బాగానే మిగులుతుంది. పోశాను. పదకొండో రోజున, ఇరవై ఏళ్లుగా నా దగ్గర తాగుతున్న గార్డు ఒక గుక్క తాగి కప్పు పెట్టేశాడు. ‘ఏందిది, అగరుబత్తి నాకినట్టున్నది’ అన్నాడు. డబ్బులు ఇచ్చే వెళ్లాడు, అదే ఎక్కువ బాధ. సీసా కాలవలో పోశాను. యాలకులు కొనలేని రోజు ఉత్త అల్లం చాయ్ అని చెప్పి అమ్మాను, ఎవరూ ఏమీ అనలేదు.

భోజనం కాగానే మసాలా టీ తాగితే అరుగుతుందని కూడా రాశారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలు చూడండి. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ, కాఫీ వద్దన్నారు, టీలోని టానిన్లు తిండిలోని ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వవని. మధ్యాహ్నం క్యారియర్ మూసి నేరుగా నా బండికి వచ్చేవాళ్ల వల్లే నా ఇల్లు గడిచింది కాబట్టి, ఈ ముక్క బండి అమ్మాకే చెప్పగలుగుతున్నాను.

పొడి మీద అనుమానం ఉంటే తడి టిష్యూ కాగితం మీద చిటికెడు చల్లండి. కాసేపటికి పొడి దులిపి, నీళ్లు జల్లి చూడండి. రంగు కలిపినదైతే కాగితం మీద మరకలు దిగుతాయి. టీ పొడిలో రంగు కలపడం చట్టం ఒప్పుకోదు.

మా కోడలు మీ పేజీ కత్తిరించి ఫ్రిజ్‌కు అంటించింది. ఇంకా తియ్యలేదు. మామయ్య మాటకన్నా పేపర్లో పడ్డ మాటకే విలువ మా ఇంట్లో. నా వరస కూడా అచ్చులో వస్తేనే దాన్ని పీకేస్తానంటోంది.

ఇట్లు,
మాజీ టీ బండివాడు,
కాజీపేట