మెయిన్‌ఫ్రేమ్ శిక్షణలో పనుల ప్రాధాన్యానికి చోటేదీ?

సంపాదకులు గారికి నమస్కారం.

ఒంగోలు, కావలి, నెల్లూరు ప్రాంతాల్లో ఇంజినీరింగ్ ముగించి, చెన్నై ఉద్యోగాల కోసం మెయిన్‌ఫ్రేమ్ (బ్యాంకుల వంటి పెద్ద సంస్థలు వాడే భారీ కంప్యూటర్) నేర్చుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు సందేహాలతో మా ఇంటికి వస్తుంటారు. ప్రోగ్రాములు రాసే కోబాల్, వాటిని నడిపించే జేసీఎల్, సమాచారం దాచే డీబీ2 వారికి బాగానే వచ్చు. కానీ ఒకే యంత్రం మీద వందలాది పనులు పోటీపడుతున్నప్పుడు ఏది ముందు నడవాలో ఎలా తేలుతుందని అడిగితే ఒక్కరూ చెప్పలేకపోతున్నారు. ఇరవై ఏళ్లకు పైగా ఈ పనే చేసినవాణ్ణి కనుక ఈ లోటు నన్ను బాధిస్తోంది.

ఒకప్పుడు ఏ పనికి ఎంత ప్రాధాన్యమివ్వాలో సిస్టమ్స్ ప్రోగ్రామర్లు పారామీటర్లలో రాసి, ఫలితం చూసి, మళ్లీ దిద్దుకునేవారు. 1994లో ఐబీఎం తన మెయిన్‌ఫ్రేమ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎంవీఎస్‌లో వర్క్‌లోడ్ మేనేజర్ అనే భాగాన్ని ప్రవేశపెట్టాక, లక్ష్యం చెప్పడం మన వంతు, దాన్ని సాధించే దారి చూడడం యంత్రం వంతు అయింది. ఆన్‌లైన్ లావాదేవీల్లో 90 శాతం అర సెకనులోపు పూర్తికావాలనో, ఒక బ్యాచ్ పనికి (మనిషి ప్రమేయం లేకుండా ఒకేసారి నడిపే పనికి) వెలాసిటీ, అంటే పని ఎంత ఆగకుండా సాగుతోందో చెప్పే అంకె, 40 ఉండాలనో సర్వీస్ క్లాసులకు (ఒకే తరహా పనుల వర్గాలకు) లక్ష్యాలు పెట్టి, వాటికి 1 (అన్నిటికంటే ముఖ్యం) నుంచి 5 వరకు ఇంపార్టెన్స్ ఇస్తాం. వెలాసిటీ 40 కోరిన చోట 20 మాత్రమే దక్కితే పెర్ఫార్మెన్స్ ఇండెక్స్ 2 అవుతుంది. ఆ అంకె 1 దాటిందంటే పని లక్ష్యానికి వెనకబడిందని అర్థం. సోమశిల నీళ్లు వదిలినప్పుడు ఎగువ మళ్లు తడిశాక లస్కరు అక్కడి తూము కాస్త దించి చివరి ఆయకట్టుకు నీరందించినట్టే, వర్క్‌లోడ్ మేనేజర్ పది సెకన్లకొకసారి లెక్క చూసుకుని, సౌకర్యంగా సాగుతున్న పని నుంచి కొంత తీసి, వెనకబడ్డ ముఖ్యమైన పనికి ఇస్తుంది. అందరూ తమ పనికి ఇంపార్టెన్స్ 1 కావాలని పట్టుబడితే మాత్రం అది ఎంచుకోవడానికి ఏమీ మిగలదు. ఈ పట్టుదలను నేను ప్రతి ప్రాజెక్టులోనూ చూశాను.

నేను పనిచేసిన ఒక సంస్థలో కొత్త పేరుతో కొన్ని బ్యాచ్ జాబులు ప్రొడక్షన్‌కు వచ్చాయి. ఏ పని ఏ క్లాసులోకి వెళ్లాలో చెప్పే వర్గీకరణ నియమాల్లో ఆ పేరు చేర్చడం మరిచారు. ఏ నియమానికీ అందని బ్యాచ్ పని సిస్‌అదర్ అనే క్లాసులో పడుతుంది. దానికి లక్ష్యమంటూ ఉండదు, మిగతావారు వాడుకోగా మిగిలినదే దానికి దక్కుతుంది. మూడు వారాలపాటు రాత్రిళ్లు యంత్రం ఖాళీగా ఉండడం వల్ల ఎవరికీ అనుమానం రాలేదు. నెలాఖరు రాత్రి రద్దీ పెరగగానే ఆ జాబులు కదలక, తెల్లవారాక ఆన్‌లైన్ తెరిచే వేళకు కూడా పూర్తికాలేదు. పెద్ద యంత్రం కొనాలన్న చర్చ అప్పటికే మొదలైంది. యంత్రం పనితీరును కొలిచే ఆర్‌ఎంఎఫ్ నివేదిక తీసి సిస్‌అదర్ వరుస చూశాక, నియమాల్లో ఒక్క పంక్తి చేర్చి కొత్త పాలసీని యాక్టివేట్ చేయడంతో సమస్య తీరింది. చాలా ఒప్పందాల్లో సాఫ్ట్‌వేర్ నెలసరి రుసుము నాలుగు గంటల సగటు వాడకంలోని గరిష్ఠాన్ని బట్టి ఉంటుంది కాబట్టి, తొందరపడి సామర్థ్యం పెంచుకుంటే ఆ భారం యంత్రం ధరతో ఆగేది కాదు.

ఇది అనుభవం మీదే అబ్బే విద్య అని కొందరంటారు. నేను ఒప్పుకోను. నివేదిక చదవడం తరగతి గదిలో నేర్పవచ్చు. మన రెండు జిల్లాల శిక్షణ కేంద్రాలు, కళాశాలలు కోర్సులో కనీసం పది గంటలు దీనికి కేటాయించి, ఒక మామూలు రోజు నివేదికనూ ఒక నెలాఖరు నివేదికనూ పక్కపక్కన పెట్టి విద్యార్థుల చేత చదివించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత సిస్టమ్స్ ప్రోగ్రామర్,
మాగుంట లేఅవుట్, నెల్లూరు.