భద్రతా ముద్ర లేదని వదిలేసిన సవరణ

సంపాదకుల వారికి,

లినక్స్ సర్వర్ల గురించి రాసేటప్పుడు పత్రికలు ‘సెక్యూరిటీ అప్‌డేట్లు వేసుకోండి’ అని చెప్పి ఊరుకుంటున్నాయి. ఆ సలహా చాలదు. కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ లాంటి భాగం) సరిచేసిన ప్రతి లోపానికీ సెక్యూరిటీ ముద్ర పడదు. సీవీఈ-2017-1000253 అనే లోపం చరిత్రే ఇందుకు సాక్ష్యం. సీవీఈ అంటే భద్రతా లోపాలకు ఇచ్చే గుర్తింపు సంఖ్య.

ప్రోగ్రామ్‌ను నడపమనగానే కెర్నెల్ ఆ ఫైల్ హెడర్లు చదివి, కోడ్, డేటా సెగ్మెంట్లను (భాగాలను) మెమరీలో పెడుతుంది. పీఐఈ రకం ఫైళ్లకు (మెమరీలో ఎక్కడ పెట్టినా నడిచేలా తయారైనవి) స్థిరమైన చిరునామా ఉండదు, చోటు కెర్నెలే వెతకాలి. పాత కెర్నెల్ మొదటి సెగ్మెంట్‌కు సరిపడా చోటే అడిగేది. ఆరు గదుల ఇంటికి మొదటి గది కొలతతో స్థలం కొన్నట్టు. కేటాయింపు పైనుంచి కిందికి జరుగుతుంది కనుక ఆ సెగ్మెంట్ ఎంమ్యాప్ బేస్‌కు (ఈ కేటాయింపు మొదలయ్యే పై హద్దు) ఆనుకుని కింద కూర్చునేది. మిగతావి దాని తర్వాతి చిరునామాల్లో పడాలి కాబట్టి బేస్ దాటి, స్టాక్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తాత్కాలిక డేటా ఉంచుకునే మెమరీ) కోసం వదిలిన ఖాళీలోకి చొరబడేవి. 64 బిట్ ఎక్స్86 యంత్రాల్లో ఆ ఖాళీ కనీసం 128 ఎంబీ ఉంటుందన్నదే హామీ. డేటా సెగ్మెంట్ అంతకు మించితే స్టాక్ పాడయ్యే ప్రమాదం ఉంది.

2015 ఏప్రిల్‌లో గూగుల్ ఇంజినీరు మైకేల్ డేవిడ్‌సన్ దీన్ని సరిచేశారు. సెగ్మెంట్లన్నిటి మొత్తం పరిమాణం ముందే లెక్కగట్టి, మొదటి మ్యాపింగ్‌లోనే అంత చోటూ అడగడం ఆ సవరణ. డైనమిక్ లింకర్‌ను (ప్రోగ్రామ్‌కు కావలసిన లైబ్రరీలను జతచేసేది) లోడ్ చేసే ఫంక్షన్ అప్పటికే ఈ లెక్క వేస్తోంది. ప్రధాన ప్రోగ్రామ్‌ను లోడ్ చేసే ఫంక్షనే వేయలేదు! మే నెలలో సవరణ 3.10.77 కెర్నెల్ విడుదలలోకీ చేరింది. అయితే దాన్ని భద్రతా సమస్యగా ఎవరూ గుర్తించలేదు. ఎంపిక చేసిన ప్యాచ్‌లనే (సవరణలనే) పాత కెర్నెల్‌కు ఎక్కించుకునే రెడ్‌హ్యాట్, సెంటోస్ అనే లినక్స్ వ్యవస్థలలో లోపం అలాగే ఉండిపోయింది.

2017 సెప్టెంబరులో క్వాలిస్ అనే భద్రతా సంస్థ అసలు ప్రమాదం బయటపెట్టింది. ప్రోగ్రామ్ ఫైల్ పెద్దది కానక్కర్లేదు. సెట్‌యూఐడీ ఉన్న (ఎవరు నడిపినా యజమాని అధికారంతో నడిచే) పీఐఈ ప్రోగ్రామ్‌కు భారీ ఆర్గ్యుమెంట్లు ఇచ్చి స్టాక్‌నే కిందికి దింపితే, అది ప్రోగ్రామ్ డేటాను తుడిచేస్తుంది. అలా మామూలు యూజర్ రూట్ (యంత్రంపై పూర్తి) అధికారం పొందగలడు. అందుకే పదిమందికి లాగిన్లు ఇచ్చిన కాలేజీ ల్యాబ్ సర్వర్లకు ఇది మరీ ముఖ్యం.

సెంటోస్ 7 ఇంకా నడుపుతున్నవారు టెర్మినల్‌లో ‘యూనేమ్ -ఆర్’ (uname -r) కొట్టి చూడాలి. 3.10.0 తర్వాతి సంఖ్య 693 కన్నా తక్కువైతే కెర్నెల్ మార్చాలి. మార్చాక రీబూట్ తప్పనిసరి, అంతవరకు నడిచేది పాతదే. అప్పటిదాకా ‘వీఎం.లెగసీ_వీఏ_లేఅవుట్’ (vm.legacy_va_layout) అనే కెర్నెల్ సెట్టింగ్‌ను 1 చేస్తే కొత్తగా మొదలయ్యే ప్రోగ్రామ్‌లకు పాత పద్ధతి కేటాయింపు వర్తించి కొంత రక్షణ దొరుకుతుంది. కెర్నెల్ సెట్టింగ్‌లు దాచే సిస్‌కంట్రోల్ (sysctl) ఫైల్లో రాయకపోతే ఆ మార్పు రీబూట్‌తో పోతుంది. సెంటోస్ 6కు 2020 నవంబరు 30న, 7కు 2024 జూన్ 30న మద్దతు ముగిసింది కనుక కొత్త వ్యవస్థకు మారడమే సరైన దారి.

2024 ఫిబ్రవరి నుంచి కెర్నెల్ బృందమే సీవీఈ సంఖ్యలు ఇస్తోంది, భద్రతకు సంబంధం ఉండొచ్చనిపించే సవరణలన్నిటికీ ఉదారంగా ఇస్తోంది. జాబితా చూసి ఏరుకోవడం మాని, స్టేబుల్ విడుదలను (సవరణలన్నీ కలిపి ఇచ్చే కెర్నెల్‌ను) మొత్తంగా తీసుకొమ్మని మీ సాంకేతిక పేజీలో రాయండి. కంటైనర్లు (ఒకే యంత్రంపై విడివిడిగా నడిచే ప్రోగ్రామ్ పొట్లాలు) నడిపేవారికి మరో మాట కూడా చెప్పండి: కంటైనర్ ఇమేజ్ ఎంత కొత్తదైనా కెర్నెల్ దాన్ని నడిపే హోస్ట్ యంత్రానిదే, సరిచేయాల్సింది అక్కడే.

— కొందరు లినక్స్ సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లు, హైదరాబాద్