ఎన్‌హెచ్‌ఎస్ పుట్టిల్లు లండన్ కాదు

సంపాదకులకు,

అయ్యా,

బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ గురించి మన పత్రికల్లో ఎప్పుడు రాసినా కథ ఒకేలా మొదలవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది, లేబర్ పార్టీ గెలిచింది, ఆరోగ్య మంత్రి అనైరిన్ బెవన్ 1948 జూలై 5న అందరికీ ఉచిత వైద్యం తెచ్చాడు. ఇందులో అబద్ధం లేదు. కానీ అది సగం కథే. మన తెలుగు డాక్టర్లూ నర్సులూ ఎందరో ఆ సేవలో పనిచేస్తున్నారు కాబట్టి మిగతా సగం కూడా మన పాఠకులకు తెలియడం మంచిది.

అది దక్షిణ వేల్స్ లోయల్లోని ట్రెడెగర్ అనే చిన్న ఊరి కథ. 1800 ప్రాంతంలో ఇనుప కొలుములు పెడితే వాటి చుట్టూ పెరిగిన ఊరు. తర్వాత బొగ్గు గనులు వచ్చాయి. 1851లో లండన్ మహా ప్రదర్శనకు పంపుదామని 15 టన్నుల బొగ్గు దిమ్మ తవ్వి తీశారు. తీరా తరలించడం చేతకాక ఇక్కడే వదిలేశారు, ఇప్పటికీ బెడ్‌వెల్టీ పార్కులో ఉంది. ఊరి నడుమ 1858 నాటి 72 అడుగుల పోత ఇనుము గడియార స్తంభం నిలబడి ఉంటుంది. దాని ఎదురుగా సర్కిల్ అనే కూడలిలో పదో నంబరు ఇల్లు. సందర్శకులు ముందు గడియారం చూస్తారు గానీ నన్నడిగితే చూడాల్సింది ఆ ఇల్లే.

1890లో గని, ఇనుప కార్మికులు వైద్య సహాయ సంఘం పెట్టుకున్నారు. దాని కార్యాలయం ఉన్నది ఆ ఇంట్లోనే. జీతంలో పౌనుకు మూడు పెన్నీలు చందా. అప్పట్లో పౌనుకు 240 పెన్నీలు, అంటే మన లెక్కలో నూటికి రూపాయి పావలా. ఆ డబ్బుతో డాక్టర్లను, సర్జనును, మందులిచ్చేవాళ్లను, పళ్ల డాక్టరును, నర్సును సంఘమే నియమించుకుంది. 1904లో ఆసుపత్రి కూడా వచ్చింది. కార్మికుడికే కాదు, ఇంటిల్లిపాదికీ వైద్యం. రానురాను ఊళ్లో నూటికి 95 మంది దీని కిందికే వచ్చారు. ట్రెడెగర్‌లో మేం ఎప్పటినుంచో అనుభవిస్తున్నదాన్నే దేశమంతటికీ ఇస్తున్నానని బెవన్ కూడా దాచకుండా చెప్పాడు.

బెవన్ ఈ ఊరివాడే. పదమూడో ఏట గనిలోకి దిగాడు. తండ్రి డేవిడ్ బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని 1925లో చనిపోతే నష్టపరిహారం పైసా రాలేదు. బెవన్‌కు దారి చూపినవాళ్లలో వాల్టర్ కాన్వే ఒకడు. పేదల శరణాలయంలో పెరిగిన అనాథ, తర్వాత అదే వైద్య సంఘానికి కార్యదర్శి అయ్యాడు. బెవన్‌కు నత్తి ఉండేది. చెప్పలేకపోతున్నావంటే నీకు ఆ విషయం ఇంకా తెలియలేదన్నమాట అని కాన్వే మందలించేవాడట. కాన్వే 1933లోనే పోయాడు, ఎన్‌హెచ్‌ఎస్‌ను చూడలేదు.

ఈ ఊరిని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. 1911 ఆగస్టులో ఇక్కడే మూక యూదుల దుకాణాల మీద పడి లూటీ చేసింది, అది పక్క ఊళ్లకూ పాకింది, చివరికి సైన్యం దిగాల్సి వచ్చింది. ఒక్కటై ఆసుపత్రి నడుపుకుంటున్న ఊరే అది.

నాకు మింగుడుపడనిది ఇంకొకటి. ట్రెడెగర్‌లో చందా కట్టినవాళ్లే కమిటీలో కూర్చునేవారు, డాక్టరును నియమించేవారు. డాక్టర్ల సంఘాలకు ఆ పెత్తనం గిట్టేది కాదు. 1948లో ఉచిత వైద్యం దేశమంతా వెళ్లింది గానీ ఆ కమిటీ వెళ్లలేదు. ఆసుపత్రులు మంత్రి నియమించిన బోర్డుల చేతికి పోయాయి. అంత పెద్ద వ్యవస్థను ఊరి కమిటీలు నడపలేవని బెవన్ అనుకుని ఉండొచ్చు, అందులో న్యాయమూ ఉంది. అయినా ఈ రోజు ఇక్కడ ఆసుపత్రిలో వార్డు మూసేస్తున్నారంటే, జనం సంతకాలు సేకరించి వినతిపత్రం ఇవ్వడం తప్ప నిర్ణయం తీసుకునే కుర్చీలో కూర్చోలేరు.

ఉచిత వైద్యం ఖర్చెంత, డబ్బెక్కడిది అన్న చర్చలు మీ పత్రికలో బాగానే నడుస్తాయి. కమిటీలో ఎవరు కూర్చోవాలన్న చర్చ కూడా ఒకసారి పెట్టండి. వచ్చే జూలై 5న ఎన్‌హెచ్‌ఎస్ మీద వ్యాసం వేస్తే బెవన్ ఫొటోతో పాటు వాల్టర్ కాన్వే పేరు కూడా ఒక వాక్యంలో వేయమని మనవి.

ఇట్లు,
మీ పాఠకుడు,
కార్డిఫ్, వేల్స్